అత్తయ్య ముక్కు కొలత

మా అత్తయ్య పుడ్డింగ్‌కి కొలతలు లేవు. ఎండుద్రాక్ష ఎంత అంటే "పట్టినంత" అంటుంది. పిండి ఎంత అంటే "చాలినంత" అంటుంది. మసాలా పొడుల దగ్గరకు వచ్చేసరికి ఆ మాత్రం కూడా చెప్పదు. గిన్నె మీదకు వంగి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో చిటికెడు లవంగప్పొడి" అంటుంది. వేశాక మళ్లీ పీలుస్తుంది. చాలు అన్నదంటే ఇక ఆ గిన్నెలోకి ఎవరి చెయ్యీ వెళ్లకూడదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి క్రిస్మస్‌కి నేను చెంచాలతో కొలిచి కాగితం మీద రాసుకోబోతే, "రాసుకుని ఏం చేస్తావు, ఏడాదికో రకం లవంగాలు వస్తాయి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. పదమూడేళ్లయింది. ఆ కాగితం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ ముక్కు ఈ ఏడాది వానాకాలం చివర్లో వచ్చిన జ్వరంతో పోయింది. పోయిందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

నాకు ఎలా తెలిసిందో చెబుతాను. మా ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని నాలుగు వీధుల వాళ్ల బట్టలు కుడతాను. గుండీలు, హుక్కులు కుట్టడం అత్తయ్య పని. ఒకరోజు తలుపు కొట్టారని, చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టెను గుడ్డ మీదే వదిలేసి వెళ్లాను. ఎవరో ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. దారి చెప్పి తిరిగొచ్చేసరికి గదంతా మాడు కంపు. ఇస్త్రీబల్లకు వీపు పెట్టి, రెండడుగుల దూరంలో కూర్చుని, అత్తయ్య తాపీగా గుండీ కుడుతోంది. మూడిళ్ల అవతల పాలు మాడితే ఇక్కడి నుంచి చెప్పే మనిషి ఆవిడ. ఇంకొకరి గుడ్డ కాల్చినందుకు ఏడవాలో, ఆవిడ ముక్కు కోసం ఏడవాలో నాకు తెలియలేదు. కాలిన గుడ్డను మడిచి మిషను కింద కుక్కేశాను.

"ఎవరమ్మాయ్ వచ్చింది?" అంది తల ఎత్తకుండానే.

"ఎవరో అత్తయ్యా, పక్క వీధికి పోబోయి ఇటొచ్చారు" అన్నాను.

అప్పటినుంచి కనిపెట్టి చూస్తూ వచ్చాను. కూర పొయ్యి మీద పెట్టి, "అమ్మాయ్, కాస్త ఇటు రా, నాకు నడుం లాగుతోంది" అని తప్పుకునేది. నడుమూ లేదు, నా మొహమూ లేదు. వేసిన పోపు మాడిందో లేదో తెలియక భయపడుతోంది. ఇక మా పిల్ల ఉంది. పదేళ్లది, పగలంతా నోరు మూయదని దాన్ని పిచ్చుక అంటాం. దాని జడ అల్లుతూ ఒకరోజు అత్తయ్య, "వచ్చే ఏటి నుంచి పుడ్డింగ్ మీ అమ్మ చేస్తుందిలే" అనడం నా చెవిన పడింది.

పదమూడేళ్లుగా ఆ గరిటె నా చేతికి ఎప్పుడొస్తుందా అని చూసినదాన్ని. ఆ మాట వినగానే అది నాకు వద్దనిపించింది. ఈ పుడ్డింగ్ చెడిపోతే ఆవిడ గరిటె కింద పెట్టేస్తుంది, మళ్లీ పట్టుకోదు. వంటింట్లోంచి బయటికొస్తే ఆవిడ మంచం దగ్గరే ఆగుతుంది, అదీ నా భయం. అందుకని పుడ్డింగ్ చెడిపోకూడదు, సాయం చేసినట్టు ఆవిడకు తెలియనూ కూడదు. ఎవరికీ చెప్పకుండా నేనే చూసుకోవాలని నిశ్చయించుకున్నాను. మా ఆయనకు చెబితే ఆయన మొహం చూసే ఆవిడ కనిపెట్టేస్తుంది. మావయ్యకు చెబితే కంగారు పడతాడు. పిచ్చుకకు చెప్పడమంటే వీధంతా చాటింపు వేయడమే.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం పని మొదలైంది. మూడు రోజులుగా నారింజ రసంలో నానిన ఎండుద్రాక్ష, ఖర్జూరం ముక్కలు, నారింజ తొక్కల తరుగు ఉబ్బి జాడీ నిండా ఉన్నాయి. అత్తయ్య పెద్ద గిన్నెలో వెన్న, బెల్లం కలిపి మెదిపింది. గుడ్లు కొట్టి పోసింది. మైదా, రొట్టె పొడి జల్లింది, పండ్లు వేసింది. చేతులు ఎప్పటిలాగే చకచకా ఆడుతున్నాయి. తర్వాత పొడుల డబ్బాలు దగ్గరకు లాక్కుంది. దాల్చినచెక్క చిటికెడు, లవంగం చిటికెడు, శొంఠి చిటికెడు. గిన్నె మీదకు వంగి, కళ్లు మూసుకుని, గట్టిగా గాలి పీల్చింది.

"చాలు" అంది.

చాలదు. పక్కన నిలబడ్డ నాకు నారింజ వాసన, గుడ్ల వాసన తప్ప ఏమీ రావడం లేదు. ఆవిడ కళ్లు తెరిచి నా మొహం వంక చూసింది. నేను డబ్బాల మూతలు పెడుతున్నట్టు తల తిప్పుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, నిజం.

అత్తయ్య పెట్టిన పద్ధతి ఒకటుంది. గిన్నె ఆవిరికి ఎక్కించే ముందు ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒకసారి గరిటె తిప్పాలి. తిప్పేటప్పుడు మనసులో ఒక కోరిక కోరుకోవాలి. ఆ సమయంలో వంటింట్లో ఇంకెవరూ ఉండకూడదు. ముందు ఆవిడ తిప్పింది. తర్వాత వంతు నాది.

ఆవిడ అటు వెళ్లగానే లవంగప్పొడి ఒక చెంచా, దాల్చినచెక్క ఒక చెంచా, శొంఠి అర చెంచా వేసి గబగబా కలిపేశాను. ఆవిడకు ఏమీ తెలియకూడదు దేవుడా, అని కోరుకున్నాను. ముక్కు పెట్టి చూస్తే ఫరవాలేదనిపించింది. నాది అత్తయ్య ముక్కు కాదు కానీ పని జరుగుతుంది. ఇంట్లో మిగతా వాళ్లకు అదీ లేదు. మా ఆయన ఇళ్లకు రంగులు వేస్తాడు, టర్పెంటైన్‌తో ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. మావయ్య ముక్కు సిగరెట్లకు బలైంది. పిచ్చుకకు చలికాలమంతా జలుబే.

నా వెనక మావయ్య వెళ్లాడు, తర్వాత మా ఆయన, చివర్లో పిచ్చుక. పిచ్చుక లోపల ఎంతసేపు ఉందంటే, "ఎన్ని కోరుకుంటున్నావే, ఒకటే కోరుకోవాలి" అని అత్తయ్య కేక పెట్టింది.

గిన్నెకు వెన్న రాసి, ముద్ద నింపి, పైన వెన్న కాగితం, దానిపైన గుడ్డ కప్పి అత్తయ్య పురికొసతో బిగించి కట్టింది. పెద్ద డేగిశాలో సగం వరకు నీళ్లు పోసి, అడుగున ఒక గాజు గోళీ వేసి, గిన్నెను దించింది. నీళ్లు మరిగినంతసేపూ గోళీ టకటకా కొట్టుకుంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోయినట్టు. ఐదు గంటలు ఉడకాలి. ఆవిడ స్టూలు వేసుకుని పొయ్యి పక్కనే కూర్చుంది.

"మీరు కాస్త నడుం వాల్చండి, నేను చూస్తాను" అన్నాను.

"వద్దులే, ఇది చెవితో చేసే పని" అంది. అన్నాక ఎక్కువ మాట్లాడినట్టనిపించిందేమో, గొంతు తగ్గించింది. "ఈ గోళీ మీ ఆయన చిన్నప్పటిది. పోయిందని రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాడు. ఇప్పటికీ చెప్పలేదు వాడికి."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఆవిడ పక్కన నేల మీద చతికిలబడ్డాను. మావయ్య జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి, ముందుగదిలోంచి గంట గంటకూ "ఒకటయింది, రెండయింది" అని చెబుతున్నాడు. వంటింట్లో లవంగం వాసన గుప్పుమంటోంది. నా చెయ్యి మంచిదే అని నాలో నేను మురిసిపోయాను.

క్రిస్మస్ మధ్యాహ్నం పుడ్డింగ్‌ని మళ్లీ గంటసేపు ఆవిరి మీద పెట్టి, పళ్లెంలోకి బోర్లించాం. నల్లగా నిగనిగలాడుతూ చెక్కుచెదరకుండా దిగింది. అత్తయ్య ముక్కలు కోసి అందరికీ వేసింది. తను తినకుండా మా మొహాలు చూస్తూ కూర్చుంది.

నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు తీపి తగిలింది. ఆ వెంటనే నాలుక మొద్దుబారింది, శొంఠి గొంతులో నిప్పు పెట్టింది. నేను వేసిన రెండున్నర చెంచాలకు ఇంత మంట రాదు. తలెత్తి చూస్తే పిచ్చుక కళ్లలో నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మావయ్య నమలడం ఆపేసి కప్పు వైపు చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అంది అత్తయ్య.

"బ్రహ్మాండం" అన్నాం నలుగురం, ఒకేసారి. అప్పుడు నలుగురం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం. నాకు విషయం అర్థమై, తిన్నది పొరబోయింది.

అత్తయ్య చెంచా తీసుకుని తన ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగిపోయింది. అయిపోయింది, ఆవిడకు తెలిసిపోయింది అనుకున్నాను. ఆవిడ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి.

"మండుతోంది" అంది.



"జ్వరం వచ్చిన దగ్గర్నుంచి ఏం తిన్నా మట్టి తిన్నట్టే ఉంది నాకు. వాసన లేదు, రుచి లేదు. ఇవాళ నోట్లో ఏదో తెలుస్తోంది. ఇక్కడ, నాలుక కొసన." వేలితో చూపించింది. "ఎవరు వేశారు?"

"నేనే అత్తయ్యా, లవంగం ఒక్క చెంచా" అన్నాను.

"నేను రెండు వేశానోయ్" అన్నాడు మావయ్య. "సిగరెట్టు కాల్చి ఇంట్లోకి వస్తే నువ్వు ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. మూడో రోజుకి నాకు భయమేసింది. తిట్టేవాళ్లు లేక కాల్చడం కూడా మానేశాను, రెండు నెలలైంది."

"రంగుల కంపుతో వస్తే గుమ్మంలోంచే స్నానానికి తరిమేదానివి కదమ్మా" అన్నాడు మా ఆయన. "ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడుతున్నావు. నాకు సంతోషంగా లేదు. శొంఠి నేనే వేశాను."

"నాకు పాడైపోయిన పాలు ఇచ్చావు నానమ్మా, తాగేశాను" అంది పిచ్చుక. "లవంగం డబ్బాలో కొంచెమే మిగిలిందని మొత్తం వేసేశా."

రెండు నెలలు ఈ పిల్ల నోరు మూసుకుని ఉందంటే నాకు ఇప్పటికీ నమ్మకం కలగడం లేదు.

అత్తయ్య మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. పమిటతో కళ్లు తుడుచుకుంది, అంతలోనే నవ్వొచ్చింది ఆవిడకు. "గరిటె తిప్పేటప్పుడు నేనేం కోరుకున్నానో తెలుసా? నా ముక్కు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదని" అంది. "అందరికంటే ముందు తిప్పాను, అయినా తీరలేదు."

నాదీ తీరలేదు అని చెప్పబోయాను కానీ నా నాలుక స్వాధీనంలో లేదు. నలుగురం చెంబు మీద చెంబు నీళ్లు తాగుతున్నాం. ఆవిడ మాత్రం నీళ్లు ముట్టుకోలేదు. తన ముక్కంతా తిని, పిచ్చుక వదిలేసిన సగం కూడా లాక్కుని తిని, పళ్లెం నా వైపు జరిపింది.

"ఇంకో ముక్క వెయ్యి అమ్మాయ్" అంది. "మంట తగ్గిపోతోంది."