పి.పి. నంబరు ఉన్న ఇల్లు

ఫోను పక్కన దారంతో కట్టి ఉంచిన పెన్ను కనిపించడం లేదని ఆ ఉదయం వెంకటసుబ్బారావు గారు ఇల్లంతా ఏకం చేశారు.

"దారం ఉంది. పెన్ను లేదు. దానంతట అదే తెంపుకుని వెళ్లదు కదా" అన్నారు, తెగిన కొసను కోడలికి చూపిస్తూ.

"నేనే తీశాను తాతయ్యా. నా పెన్నులో రీఫిల్ అయిపోయింది, రికార్డు రాసుకోవాలి" అని సుస్మిత జడ వేసుకుంటూనే ఒప్పేసుకుంది.

"తీస్తే తీశావు. విప్పి తియ్యొచ్చుగా?"

"మీరు వేసిన ముడి ఎవరికి ఊడుతుంది? పళ్లతో కొరికాను."

"మెయిల్ బ్యాగు ముడమ్మా అది. పళ్లతో కొరికావా?"

రామకోటేశ్వరరావు పేపరు దించకుండానే కలగజేసుకున్నాడు. "నాలుగు రూపాయల పెన్ను, నాన్నా. వదిలెయ్యండి."

"పెన్ను ధర ఎవడడిగాడురా? నిన్న సాయంత్రం రెండు కబుర్లు పెన్సిలుతో రాశాను. పెన్సిలు రాత చెరిగిపోతుంది."

రామతులసి సరుకుల చీటీలు రాసుకునే పెన్ను తెచ్చి మామగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు గీసి చూసుకుని, కొత్త దారం తీసి, మళ్లీ అదే ముడి వేసుకున్నారు. దాంతో ఆ గొడవ ముగిసింది. ఒకటో తారీఖు కాబట్టి పెన్షను తెచ్చుకోవడానికి పది గంటలకల్లా గొడుగు పట్టుకుని బస్టాపుకి వెళ్లిపోయారు.

ఆయన ముప్పై నాలుగేళ్లు విజయవాడ స్టేషన్‌లో ఆర్.ఎం.ఎస్. సార్టరుగా చేసి రిటైరయ్యారు. రైళ్లలో వచ్చే ఉత్తరాలను ఊరి పేరు చూసి ఏ గడిలో వెయ్యాలో ఆ గడిలో వెయ్యడం ఆయన పని. రిటైరైన కొత్తలో మనిషి ఏం చెయ్యాలో తోచక పాడైపోయారు. డ్యూటీ వేళకి చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. ఆ పరిస్థితుల్లో గుణదలలోని వాళ్లింటికి ఫోను వచ్చింది. వీధి మొత్తానికి అదొక్కటే. పెళ్లి శుభలేఖల మీద, ఉద్యోగాల దరఖాస్తుల మీద ఏడిళ్ల వాళ్లు ఆ నంబరే వేసుకుని, పక్కన పి.పి. అని రాసుకునేవారు. ఫోను మోగితే సుబ్బారావు గారు ఎత్తి, ఎవరికోసమో కనుక్కుని వాళ్లని పిలిపించేవారు. లేకపోతే కబురు రాసి ఉంచి అందజేసేవారు. ఫోను పక్కన పేము కుర్చీ, పొడుగాటి పుస్తకం, దారం కట్టిన పెన్ను. ఆ కుర్చీలో కూర్చున్నాకే ఆయన మళ్లీ మనిషయ్యారు. ఆ సంగతి ఇంట్లో అందరికన్నా తులసికి బాగా తెలుసు, ఎందుకంటే అంతకుముందు ఆయన చేత అన్నం తినిపించిన మనిషి ఆవిడే.

ఫోనన్నాక పనికిమాలిన కాల్స్ కూడా వస్తాయి. "మీ నంబరుకి లక్కీ డ్రాలో ప్రెషర్ కుక్కరు వచ్చిందండీ, టాక్సు మాత్రం కడితే చాలు" అని ఒకడు చేస్తే, "చాలా సంతోషం నాయనా, ఆ కుక్కరు మీ ఇంట్లోనే ఉంచుకో, టాక్సు కూడా నువ్వే కట్టుకో" అని తులసి పెట్టేసింది. రెండు వారాలుగా మాత్రం ఎత్తగానే మాట్లాడకుండా పెట్టేసేవి ఎక్కువయ్యాయి. "ఊళ్లోవాళ్ల కోసం మనకెందుకీ బాధ? పి.పి. ఆపేద్దాం" అని రామకోటేశ్వరరావు అప్పటికే రెండుసార్లు అన్నాడు. ఊరికి ఆ చివర మోటారు పంపుల దుకాణం అతనిది. రోజంతా అక్కడ ఫోన్లు ఎత్తీ ఎత్తీ, ఇంట్లో మోత వింటే అతనికి చిరాకు.

ఆ రోజు పదకొండున్నరకి ఫోను మోగింది. తులసి చేతులు తుడుచుకుని వచ్చి ఎత్తింది.

"అమ్మా, పై వాటాలో బేగం బీ గారిని పిలుస్తారా? అర్జంటండీ" అన్నాడొక మగమనిషి.

"ఎవరండీ మాట్లాడేది?"

"వాళ్లాయన మదార్ సాహెబ్ గారు షాపులో పడిపోయారమ్మా. తలకి దెబ్బ. ఆసుపత్రిలో చేర్చాం."

మదార్ సాహెబ్ తులసి వాళ్ల పైవాటాలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్న టైలరు. గవర్నర్‌పేటలో చిన్న కొట్టు. పొద్దున తొమ్మిదికి ఆయన మెట్లు దిగుతూ "వెళ్లొస్తానమ్మా" అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"ఏ ఆసుపత్రి? మీరెవరు?"

"డబ్బు కట్టందే ఆపరేషన్ చెయ్యనంటున్నారు. మావాడు స్కూటరు మీద పావుగంటలో అక్కడికొస్తాడు. కొత్త మిషను కోసం దాచిన డబ్బుందిగా, అది వాడి చేతికిచ్చేయమనండి. అబ్బాయి తౌసిఫ్ బందర్లో ఉన్నాడుగా, అతనికి మేం కబురు చేస్తాం. ఆవిణ్ణి పిలవండి."

తులసి రిసీవరును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్లినవాడు ఇంత వరసగా, కాగితం చూసి చదివినట్టు మాట్లాడడు. పైగా ఇతనికి కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో తెలుసు, ఇంట్లో డబ్బుందని తెలుసు, అది దేనికోసమో కూడా తెలుసు. రెండుసార్లు అడిగినా తన పేరు మాత్రం చెప్పలేదు.

"ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగి రావాలి. ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యండి" అంది.

పి.పి. ఇళ్లలో ఎప్పుడూ చెప్పే మాటే అది. అవతలి మనిషి సరేనని పెట్టేశాడు.

తులసి పుస్తకం మొదటి పేజీ తెరిచింది. మామగారి గుండ్రటి అక్షరాల్లో 'టైలరు గారి కొట్టు – పక్కన జాన్‌బాబు ఫ్రేముల షాపు' అని, ఎదురుగా నంబరు ఉంది. మొదటిసారి ఎంగేజ్ వచ్చింది. రెండోసారి మోగింది.

"జాన్‌బాబు గారూ, నేను గుణదల నుంచి రామతులసిని. టైలరు గారు ఎలా ఉన్నారు?"

"ఎలా ఉండడమేంటమ్మా? నా ఎదురుగానే ఉన్నారు. మేరీమాత పటానికి ఫ్రేము కట్టించుకుందామని వచ్చినావిడతో జాకెట్టు చేతుల మీద వాదన పెట్టుకున్నారు. నా బేరం చెడగొట్టేట్టున్నారు."

"ఒక్కసారి ఇవ్వండి."

మదార్ సాహెబ్ లైన్లోకి రాగానే జరిగిందంతా చెప్పింది. ఆయన ముందు భార్య సంగతే అడిగారు.

"మీ పిన్నికి చెప్పావా తల్లీ?"

"లేదు బాబాయ్ గారూ. ముందు మీ గొంతు వినిపిస్తాను. ఆ తర్వాతే చెప్తాను. ఫోను పెట్టకండి."

తులసి కేకేసి పిలిస్తే బేగం బీ మెట్లు దిగి వచ్చి రిసీవరు అందుకుంది. విన్నంతసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట్లాడేసరికి మాత్రం అది కోపంలా వచ్చింది. "పొద్దున టిఫిన్ డబ్బా మర్చిపోయి వెళ్లారు. అప్పుడే అనుకున్నాను, ఈ రోజు ఏదో ఒకటి చేస్తారని. ఏం చెయ్యలేదా? సరే, చెయ్యకండి. పైనుంచి ఏదైనా పడేచోట నిలబడకండి." రిసీవరు తులసికి ఇచ్చేసి కింద కూర్చుండిపోయింది. "తులసీ, వాడు నాతోనే మాట్లాడి ఉంటే ఇచ్చేసేదాన్నే. పెట్టె తాళం నా నడుముకే ఉంది. ఏ ఆసుపత్రి అని కూడా అడిగేదాన్ని కాదు."

"ఎవరైనా ఇచ్చేస్తారు పిన్నిగారూ. ఇలా కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

ఫోను మళ్లీ మోగింది. తులసి ఈసారి పేము కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, అప్పుడు ఎత్తింది.

"పిలిచారామ్మా?"

"పక్కనే ఉన్నారు. మీ పేరు చెప్పండి, రాసుకోవాలి."

"అక్కడ మనిషి ప్రాణం మీదికొస్తే పేరెందుకమ్మా?"

"ఆ మనిషి ఇప్పుడే నాతో మాట్లాడారు. మెడలో టేపు కూడా ఉందట. మీ పేరూ, స్కూటరు అబ్బాయి పేరూ చెబితే రెండూ కలిపి పోలీస్ స్టేషన్‌లో ఇస్తాం. వాళ్లక్కూడా రాసుకునే పుస్తకం ఉంటుంది."

లైను కట్టయింది. తులసి టైము చూసి, '11.50. టైలరు గారింటికి. పేరు చెప్పలేదు' అని రాసింది. అరగంట వరకు గుమ్మంలోనే ఉంది. వీధిలోకి ఏ స్కూటరూ రాలేదు.

బేగం బీ పైకి వెళ్లాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని తులసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. ఇంటి గుట్టు ఇంత వివరంగా పరాయివాడికి ఎవరు చెప్పారన్నది తేలాలి. డిగ్రీలో ఆవిడ చదివింది చరిత్ర. ఏ మాట ఎక్కడ మొదలైందో చూడందే ఊరుకోదు.

ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేకపోయింది.

'జూన్ 18. 11.10. టైలరు గారి కోసం. పేరు చెప్పలేదు. తొమ్మిదికే షాపుకి వెళతారు, భార్య ఒక్కరే ఉంటారని చెప్పాను.'

'జూన్ 22. 11.05. తౌసిఫ్ స్నేహితుడట. తౌసిఫ్ బందరులో పనిలో ఉన్నాడని చెప్పాను.'

'జూన్ 26. 11.20. మిషను కంపెనీ మనిషి. డబ్బు ఇంట్లో సిద్ధంగా ఉంది, ఆదివారం తౌసిఫ్ వచ్చి కొంటాడని చెప్పాను.'

'జూన్ 29. 11.00. మళ్లీ కంపెనీ మనిషి. ఒకటో తారీఖున నేను ఉండను, పెన్షనుకి వెళతాను, కోడలు పిలుస్తుందని చెప్పాను.'

నాలుగు కబుర్లూ శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. అడిగినవాడికి పూర్తిగా జవాబు చెప్పడం ఆయన మర్యాద. చెప్పిందంతా రాసి ఉంచడం ఆయన నిజాయితీ. ఆ పుస్తకాన్ని అటక మీద పారేస్తే ఎవరికీ తెలియదు. తులసికి ఆ ఆలోచన రాకపోలేదు. కాని తెలియకపోతే రేపు ఫోను మోగగానే ఆయన మళ్లీ అంతే మర్యాదగా చెప్తారు.

ఒంటిగంటకి ఆయన బత్తాయిల సంచీతో వచ్చారు. కాళ్లు కడుక్కున్నాక జరిగింది చెప్పి, తులసి ఆ పేజీలు తెరిచి ఆయన ముందుంచింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని నాలుగూ చదివారు. మొదటిదానికి వెళ్లి మళ్లీ చదివారు. తర్వాత పుస్తకం మూసి, పేము కుర్చీని రెండు చేతులతో ఎత్తి వరండాలోకి తీసుకెళ్లి పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నారు.

రామకోటేశ్వరరావు రెండింటికి భోజనానికి వచ్చాడు. సుస్మిత కూడా కాలేజీ నుంచి వచ్చింది. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు వడ్డించి తులసి జరిగిందంతా చెప్పింది. సుబ్బారావు గారు అన్నం కెలుకుతున్నారు గాని ముద్ద ఎత్తడం లేదు. తులసి ఆ చేతిని చూస్తూనే ఉంది.

"నేను ముందే చెప్పాను. ఈ రోజుతో పి.పి. బంద్. నువ్వే అందరికీ చెప్పెయ్" అని, తండ్రి అక్కడ లేనట్టే గొంతు తగ్గించి, "నాన్నని ఫోను దగ్గరికి రానివ్వకు" అన్నాడు రామకోటేశ్వరరావు. "ఇంకో మాట, మనింట్లోంచే సంగతులు పోయాయని పైవాళ్లకి తెలియనివ్వకు. డబ్బు పోలేదుగా."

"ఎవరూ చెప్పక్కర్లేదు. నేనే మానేస్తున్నాను" అన్నారు సుబ్బారావు గారు.

తులసి చారు గిన్నె కింద పెట్టింది.

"మామయ్యగారూ, రిజిస్టరు కవరు మీద పంపినవాళ్ల పేరు లేకపోతే ఏం చేసేవారు?"

"కౌంటర్లోనే తీసుకోరు" అన్నారాయన, తల ఎత్తకుండా.

"ఎవరైనా వచ్చి, ఫలానావాళ్లకి ఎక్కణ్ణుంచి ఉత్తరాలొస్తున్నాయని అడిగితే?"

"చెబితే ఉద్యోగం పోతుంది. చిరునామాదారుకి తప్ప–" అని ఆగిపోయారు. చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. "ముప్పై నాలుగేళ్లు కవరు మీద ఉన్నది ఒక్కడికి చెప్పలేదు. ఫోనని ఎత్తగానే ఆ బుద్ధి ఏమైందో."

"ఎక్కడికీ పోలేదు. ఫోను కూడా ఉత్తరమేనని మనలో ఎవరికీ తోచలేదు, అంతే" అంది తులసి. భర్త వైపు తిరిగి, "వాడి అబద్ధం పట్టించింది కూడా ఈ పుస్తకమేనండీ. జాన్‌బాబు గారి నంబరు అందులో లేకపోతే నేనేం చేసేదాన్ని? అన్నం తిన్నాక మీరు ఆ నాలుగు తారీఖులూ, టైములూ కాగితం మీద దింపుకుని స్టేషన్‌లో ఇచ్చి రండి. కుర్చీ మాత్రం వరండాలో ఉండటానికి వీల్లేదు."

"తాతయ్య మళ్లీ ఎత్తుతారా మరి?" అని అడిగింది సుస్మిత.

రామకోటేశ్వరరావు ఏదో అనబోయి భార్య ముఖం చూసి పప్పు కలుపుకున్నాడు.

సుబ్బారావు గారు ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నారు. నమిలి, మింగి, మంచినీళ్లు తాగి, అప్పుడు డ్యూటీ చార్టు చదివినట్టు చెప్పారు.

"ఎత్తుతాను. పేరు చెప్పనివాడికి ఈ ఇంట్లో కబురు లేదు. పేరు చెప్పినా, మనిషిని పిలవడం వరకే, వాళ్ల సంగతులు చెప్పడం లేదు. ఇది నాకొక్కడికే కాదు, ఎవరు ఎత్తినా ఇదే. అయితే సాయంత్రం మదార్ సాహెబ్ రాగానే పుస్తకం పట్టుకుని నేనే పైకి వెళతాను. నాలుగు కబుర్లూ ఆయనకి, బేగం బీ గారికి చదివి వినిపిస్తాను. అది విన్నాక కూడా వాళ్లు మన నంబరు ఉంచుకుంటామంటే, రేపు పొద్దున కుర్చీ లోపలికొస్తుంది."