తాజ్ ఉన్న గుహ

పసుపు ఇంకా తడిగానే ఉంది, ఫ్లాపీకి కోలగా కోసిన సందులోంచి లోపలి నల్లబిళ్ళ కనబడుతుంది, అక్కడ వేలు తగలనివ్వొద్దని హైదరాబాద్ శిక్షణలో వందసార్లు చెప్పారు, సరిగ్గా అక్కడే జంగప్ప బొటనవేలితో పసుపు మెత్తి నడుమ కుంకుమ బొట్టు పెట్టాడు, బడి గంటకు, సైన్సు రూం తక్కెడకు, తన సైకిలుకు పెట్టినట్టే దీనికీ పెట్టాడు, ఆయుధపూజ గద సారూ, గింత పెద్ద డబ్బకు బొట్టు లేకుంటె ఊకుంటదా అని నవ్వుతున్నాడు, ఏమనాలి, మా బడి అటెండరు, చెప్పులు బయట విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కొని మరీ వచ్చాడు, నేనేమో చర్చికి పోయేవాణ్ణి, వద్దంటే మత్తయ్య సారు పూజకు అడ్డం పడ్డాడని మాటొస్తుంది, నోరు మూసుకొని నిలబడ్డాను, ఇప్పుడు ఫ్లాపీ పెడితే మిషను గుర్రుగుర్రుమంటుంది, చదవలేనంటుంది, మూడు నెలలుగా ఆడి దీంట్లో దాచుకున్న ఆట పాయె, గుహలో తాజ్ పాయె.

ఎనభై ఏడులో వికారాబాద్‌లో ఏ లెక్కల సారుకు దక్కింది ఈ భాగ్యం, సర్కారు పంపిన కంప్యూటరు, దాంతోపాటే ఎవరో పెట్టి పంపిన ఆట, నీ పేరు కొట్టు, నీ తోడుగాని పేరు కొట్టు అంటుంది, మాయలమారి ఆ తోడుగాణ్ణి ఎత్తుకపోయి గుహలో పెట్టి, తలుపుకు ఒక రాక్షసుణ్ణి కాపలా పెడతాడు, కత్తులు, మందులు, తాళంచెవులు సంపాదించుకుంటూ పోయి విడిపించాలి, తోడుగాని పేరు తాజ్ అని కొట్టాను, చిన్న పేరు, ఇంగ్లీషులో మూడక్షరాలే కదా అని, అంతకంటే ఏం లేదు, బడి విడిచాక రోజూ ఒక గంట, జంగప్ప తాళాలు పట్టుకొని వెనక స్టూలు మీద, ఎవరు సారూ ఆ తాజు, సుట్టమా, కాదు, దోస్తు, దోస్తయితె గిట్లనా సారూ, నెల దినాలాయె, గుహ తలుపుదాంక పోతరు, మల్ల ఎనుకకొస్తరు, తాళంచెయ్యి ఉండె, కత్తి ఉండె, ఇంక ఏం గావాలె మీకు, ఇంకో మందుసీసా కావాలి జంగప్పా, రాక్షసుడు బలమైనవాడు, ఆఁ, మస్తు బలమైనోడే ఉన్నట్టున్నడు, మిమ్ముల జూస్తె తెలుస్తుంది.

అరే మత్తీ, ఉరుకురా, అన్నాడు తాజ్ మొహమ్మద్, అరవై తొమ్మిది, ఇద్దరం పీయూసీ, తెలంగాణ కావాలని స్టేషన్లో రైలుకు అడ్డం కూర్చున్నాం, పోలీసులు దిగగానే కంకరరాళ్ళ మీద పరుగు, వాడి చెప్పు తెగింది, పడ్డాడు, నేను వెనక్కి తిరిగాను, తిరగకపోయినా బాగుండేది, వాడు నన్ను చూశాడు, వాడు చూస్తుండగానే నేను గూడ్సు డబ్బా చాటుకు పోయాను, వాడికి మూడు నెలల జైలు, పరీక్షలు పాయె, తాండూరులో నాపరాళ్ళ పాలిషు పని, నాకు పరీక్షలు, బీఈడీ, ఉద్యోగం, తాండూరు ఎంత దూరం, రైలెక్కితే గంట, పద్దెనిమిదేండ్లలో ఒక్కసారి పోలేదు, ఇంటి నంబరు తెలియదనుకున్నాను, పనివేళ కుదరదనుకున్నాను, పోయినేడు ప్లాట్‌ఫారం మీద వాళ్ళమ్మ ఇమాంబీ చెయ్యి పట్టుకుంది, ఏం బేటా, మా దిక్కు రానే రావు, మా తాజ్ నిన్ను మస్తు యాది జేస్తడు, పరీక్షల డ్యూటీలమ్మా అన్నాను, దసరా సెలవులల్ల గుడ పరీక్షలా బేటా, అంది, కోపంగా కాదు, ఉత్తగనే అడిగింది, అదే నన్ను తిన్నది.

తప్పయిందా సారూ, జంగప్ప మొఖం చిన్నబోయింది, పంచె కొసతో తుడువబోతే వద్దని చేయి పట్టుకున్నాను, నీ తప్పేం లేదు, నేను చెప్పాల్సింది చెప్పలేదు, మరి మల్ల మొదటికెల్లి ఆడుండ్రి సారూ, ఆట ఫ్లాపీ వేరే ఉన్నది గద, దానికి నేను బొట్టు వెట్టలె, ఉంది, పెట్టాను, నీ పేరు, కొట్టాను, నీ తోడుగాని పేరు, మీటల మీద వేళ్ళు కదలడం లేదు, ఇంకో మూడు నెలలు కత్తులు ఏరుకోవచ్చు, మందుసీసాలు ఏరుకోవచ్చు, తలుపు ముందర నిలబడి మళ్ళీ తిరిగి రావచ్చు, నెల కింద ఆ రాక్షసుణ్ణి చంపే బలం నాకుండె, లెక్కల సారును, లెక్కేసి చూసుకున్నాను, అయినా తలుపు తీయలేదు, తీస్తే లోపలినుంచి తాజ్ బయటికొస్తాడు, వచ్చి నా మొఖం చూస్తాడు, చూసి ఏదో ఒక మాటంటాడు, ఇన్నేండ్లు నేను భయపడ్డది ఆ మాటకే, రాక్షసునికి కాదు, అది తిట్టే కావచ్చు, ఏమీ అనకుండా చాయ్ పొయ్యమని ఇంట్లో చెప్పవచ్చు, అది ఇంకా కష్టం, ఏదైనా కానీ, అది నాకు రావలసిన మాట, తాండూరు పోయి, వాడి ముందర నిలబడి వినాల్సిందే.