జీతం ముట్టినట్టు కాగితం

గోల్‌కీపర్ చాంగ్‌హ కోటి యువాన్లు వెనకేసుకుని పైకి మాత్రం బీద అరుపులు అరుస్తున్నాడని ఎదురింటి చియావ్ పిన్ని కూరల కొట్టు దగ్గర అందట. "బంతాటగాళ్ళకి జీతాలు రాకపోవడమేమిటే! రోజూ టీవీలో కనబడే మనుషులు!" అని మా ఆవిడని దులిపిందట.

ఆ జట్టుకి వండిపెట్టేది నేనే. ఒకప్పుడు గొడ్డుమాంసం, రొయ్యలు ఉడికిన గుండిగలో ఇప్పుడు క్యాబేజీ, టోఫు ఉడుకుతున్నాయి. లీగ్‌కి టీవీ వాళ్ళిచ్చే సొమ్ము పదో వంతుకి పడిపోయింది. జట్టు యజమాని కట్టే అపార్టుమెంట్లు సగంలో ఆగిపోయాయి. పైన చెరువెండాక కింద మడికి తడెక్కడిది? నాకు ఏడు నెలలు, చాంగ్‌హకి పద్నాలుగు నెలలు జీతం లేదు. పైగా యజమాని మాట నమ్మి అతను కొన్న ఫ్లాటుకి ఇంకా కిటికీలైనా పెట్టలేదు. బ్యాంకు వాయిదా మాత్రం నెల తప్పదు.

ఏటా చలికాలంలో ఒక కాగితం వస్తుంది. జీతమంతా ముట్టిందని ఆటగాళ్ళందరూ సంతకం చేసి, ఎర్ర సిరాతో వేలిముద్ర వేస్తేనే వచ్చే ఏడు జట్టుని లీగ్‌లో ఆడనిస్తారు. ఒక్కడు మొండికేసినా జట్టు మూతే. వేశాక మాత్రం పాత జీతం అడగడానికి నోరుండదు.

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో చాంగ్‌హ తప్ప అందరూ వేసేశారు.

"ముట్టనిది ముట్టిందని ఎట్లా రాసేది?" అన్నాడతను.

మేనేజరు పెయ్ గడియారం చూసుకున్నాడు. "ఐదింటికల్లా పంపాలి. వీళ్ళ నోట్లో మన్ను కొడతానంటే నీ ఇష్టం."

"పద్నాలుగు నెలలుగా నా నోట్లో ఏముందనుకున్నావ్, పంచదారా?"

ఎవరో కిసుక్కుమని ఊరుకున్నారు. మొన్ననే తండ్రయిన డిఫెండర్ లూ వెయ్ లేచొచ్చాడు. "అన్నా, ఏ జట్టు చూసినా ఇదే గోల. ఇదీ పోతే నన్నెవడు తీసుకుంటాడు? సగం జీతమిచ్చినా చాలన్నా నాకు."

చాంగ్‌హ మిగతావాళ్ళ వంక చూశాడు. ఒక్కడూ గిన్నెలోంచి తలెత్తలేదు. అతను సంతకం గీకి, బొటనవేలు అద్ది, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పెయ్ ముద్రని ఊది ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టుకున్నాడు.

"మరి వచ్చే ఏటికి నా ఒప్పందం ఎప్పుడు రాస్తావు?" అనడిగాడు చాంగ్‌హ.

పెయ్ తలుపు దగ్గర ఆగాడు. "నీ జీతంలో మూడో వంతుకే కుర్ర గోల్‌కీపర్ వస్తున్నాడు. ముప్పై ఐదేళ్ళవాణ్ణి, నిన్నెందుకుంచుకుంటామయ్యా?"