మేఘాన్ని దింపిన గిలక

అక్షరాలు నేను ముసలితనంలో నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే, దీర్ఘాలు జారిపోతే మన్నించండి. ఒక్కో వాక్యం రాయడానికి కడవ నిండేంత సేపు పడుతోంది. చెప్పేది మాత్రం నేను కాదు, మా బావి మీది గిలక. రాత ఒక్కటే నాది.

నేను ఒక గిలకను. ఇటలీలో మోంతెరీవా అనే చిన్న పట్టణంలో డ్యూకుగారి వడ్రంగి నన్ను అక్రోటు చెక్కతో చేశాడు. ఇప్పుడు నీళ్లు తోడుతున్నాను గానీ, నేను పుట్టింది దేవతను దింపడానికి.

ఆ రోజుల్లో ఆర్సేనియో మాస్టారని ఒక సంగీతకారుడు ఉండేవాడు. మంగలి కొడుకు. చిన్నప్పుడు చర్చిలో పాడి, పెద్దయ్యాక డ్యూకుగారి కొలువులో చేరాడు. నాటకమంతా, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, పాటలోనే నడవాలని ఆయన పంతం. అప్పటికి అది కొత్త. దానికి ఒపెరా అన్న పేరు కూడా ఇంకా స్థిరపడలేదు.

"అయితే మాస్టారూ, మీ రాజు మంచినీళ్లు కూడా రాగం తీసే అడుగుతాడా?" అని డ్యూకుగారి దివాను వెటకారం చేసేవాడు.

"దాహం బాగా వేస్తే మీరూ తీస్తారు" అనేవాడు మాస్టారు.

డ్యూకుగారి కూతురి పెళ్లికి ఆయన ఒక నాటకం కట్టాడు. చివర్లో దేవత మేఘం మీద దిగివచ్చి, చనిపోయిన గొర్రెల కాపరిని బతికిస్తుంది. మేఘమంటే చెక్క, గుడ్డ, దూది. దాన్ని మోసేది తాడు, తాడును మోసేది నేను, తాడు పట్టేవాడు నాందో. దేవత వేషం లివియాది. ఇది రాస్తున్న మనిషే. బట్టలుతికే ఇంటి పిల్ల. చదువు రాదు కనుక, మాస్టారు ఒక్కో వరుస పాడి వినిపిస్తే చెవితోనే పట్టుకునేది.

మొదటిసారి మేఘాన్ని దించినప్పుడు, దిగినంతసేపూ నేను కీచుమంటూనే ఉన్నాను. చూస్తున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు.

"వచ్చేది దేవతా, పంది పిల్లా?" అన్నాడు దివాను. "దానికి కొవ్వు పూయించండి. పెళ్లివారు నవ్వారంటే మీ నాటకమూ ఉండదు, కొలువూ ఉండదు."

"కొవ్వు తాడుకెక్కుద్దయ్యా. చేతిలో జారిపోద్ది. పైనుండేది మనిషి" అన్నాడు నాందో.

"జారకుండా పట్టుకో. నీకు జీతం ఎందుకిస్తున్నాం?"

పూశారు. లివియా ఎక్కబోతుంటే మాస్టారు ఆపాడు.

"ఆగమ్మాయ్. ముందు నేను దిగుతా."

"మీ బరువుకి మేఘం వానైపోద్ది మాస్టారూ!" అంది లివియా. మాస్టారు మేఘమెక్కాడు.

సగం దూరం నేను చప్పుడు లేకుండా తిరిగాను. దివాను మొహం వెలిగింది. అంతలో తాడు జారింది. నాందో వదల్లేదు. అరచేతుల చర్మం తాడుకు అంటుకుపోయింది. అయినా మాస్టారు నేలకు కొట్టుకున్నాడు. మడమ విరిగింది.

"ఇక దేవతను తీసేద్దాం" అన్నాడు దివాను.

"తీసేస్తే కాపరి చచ్చే ఉంటాడు. పెళ్లిలో శవాన్ని చూపిస్తారా?" అన్నాడు మాస్టారు, పడుకున్నచోటి నుంచే.

దేవత ఉండిపోయింది.

బూడిదతో నన్ను తోమారు. తాడు కొత్తది వేశారు. నా కీచు నాకు తిరిగి వచ్చింది. మాస్టారు కాలు పీట మీద పెట్టుకుని, నన్ను పదే పదే తిప్పించి విన్నాడు. నా స్వరాన్నే వయొలిన్ల చేత పట్టించి, కింది స్థాయిలో ఇత్తడి బూరలు కలిపాడు. "నా చెయ్యి చూడకండి, మేఘాన్ని చూడండి. ఆ పిల్ల పాదం నేలకు తగిలేదాకా ఇదే వరుస మళ్లీ మళ్లీ వాయించండి" అని వాద్యగాళ్లకు చెప్పాడు.

నాందో బదులు ఇంకొకణ్ని పెట్టబోతే లివియా ఒప్పుకోలేదు. "చెయ్యి తెగినా వదలనివాడే కావాలి నాకు" అంది. పెళ్లి నాటికి అతని చేతులు మానాయి.

ఆ రోజు బూరలు మోగాయి. నేను గొంతెత్తి కీచుమన్నాను. ఎవరూ నవ్వలేదు. పెళ్లికూతురి అత్తగారు కళ్లు తుడుచుకుంది. ఒక రాయబారి అయితే, ఆ సన్నని వాద్యం ఎవరు చేస్తారో చెబితే తనూ ఒకటి తెప్పించుకుంటానన్నాడు. మాస్టారు తల వంచి దండం పెట్టాడే తప్ప నా పేరు చెప్పలేదు. మనుషులతో అదే వచ్చింది.

తర్వాత డ్యూకు పోయాడు. కొత్త డ్యూకుకు వేట ఇష్టం, నాటకశాల గుర్రాలపాలైంది. మాస్టారు కుంటుకుంటూ ఒక కొండ ఊరికి వెళ్లి, చర్చిలో పిల్లలకు పాట నేర్పాడు. ఇంకో రెండు నాటకాలు రాశాడు. అవి ఆడకుండానే కన్నుమూశాడు. మేఘం పొయ్యిలోకి పోయింది. నన్ను నాందో అడిగి తెచ్చుకుని పెరటి బావికి కట్టాడు. అప్పటికి లివియా అతని భార్య. ఇప్పుడు అతనూ లేడు.

పొద్దున్నే లివియా బొక్కెన దించుతుంది. నేను మొదలుపెడతాను.

"అత్తా, దానికి కాస్త నూనె పెట్టరాదా? చెవులు పోతున్నాయి!" అని పక్కింటి కోడలు గోడ మీంచి అరుస్తుంది.

"పెడితే జారిపోద్దే" అంటుంది లివియా.

బొక్కెన నీళ్లకు తగిలేదాకా నాతో పాటు ఆనాటి మేఘం వరుసే మళ్లీ మళ్లీ పాడుతుంది.

రాసింది నేను, లివియాను, నాందో భార్యను. వయసు అరవై తొమ్మిది. ఉండేది మోంతెరీవాలో, చాకిరేవు సందులో, బావి ఉన్న ఇంట్లో.