ఉప్పు పుట్టిల్లు

ఎండలో ఉప్పు మెరుస్తోంది.

ముసునూరులో, డాబా మీద, పరిచిన పాత చీర మీద. పక్కన కృపావతి ఆవకాయకు కాయలు కొడుతోంది. టప్... టప్... టెంకతో సహా రెండు చెక్కలు.

జాడీలో తడి చెయ్యి పెట్టకూడదు. ఏటా ఆమె చెప్పే మాట.

కింద గదిలో కూతురు షాలోమి డబ్బాకీ అదే నియమం. అందులో ఒక్కటే రాయి, చింతగింజంత. అండమాన్ దగ్గర బారెన్ ద్వీపం కక్కిన లావా. మూడేళ్ళ పరిశోధనలో మిగిలిన ఆఖరి ముక్క.

సముద్రపు అడుగు నేల కిందికి జారుతుంది. తన ఉప్పునూ పట్టుకుపోతుంది. ఆ ఉప్పులోని క్లోరినే నిప్పులో కలిసి పైకొచ్చిందా? లేక భూమి కడుపులో మొదటి నుంచీ ఉన్నదా? క్లోరిన్‌లో రెండు రకాలు — ఒకటి కాస్త బరువు, ఒకటి తేలిక. వాటి పాళ్ళు కొలిస్తే పుట్టిల్లు తెలుస్తుంది.

రేపు ల్యాబ్‌లో మిషన్ దగ్గర తన వంతు. ఏడాదిగా ఎదురుచూసిన వంతు. ఒక్క వేలి చెమట చాలు, అంతా తారుమారు కావడానికి.

ల్యాబ్‌కి వెళ్ళే బండికి రెండు గంటలుందనగా షాలోమి డబ్బా తెరిచింది.

రాయి మీద ఎర్రటి మరక.

కారం. ఆవకాయ కారం. అంటే, ఉప్పు కూడా.

డబ్బాతోనే డాబా మీదికి పరిగెత్తింది.

"అమ్మా! దీన్నెందుకు ముట్టుకున్నావ్?"

"నేనా? నీ గది గుమ్మం కూడా తొక్కలేదే!"

"మరి నేనా పెట్టింది? నీకేం తెలుసని... మూడేళ్ళమ్మా, మూడేళ్ళు!"

కృపావతి తల వంచుకుంది. కత్తి మళ్ళీ మొదలైంది.

టప్... టప్...

షాలోమి డబ్బా మూత బిగించింది. కోపం. భయం. ఆ రెంటి మధ్యలో గుర్తొచ్చింది —

పొద్దున మొదటి జాడీ నింపాక, బేసిన్‌కి అంటిన కారంలో అమ్మ అన్నం కలిపింది. మూడు ముద్దలు తింది తను. వేళ్ళు నాకింది. చున్నీకి తుడుచుకుంది. చదువుకున్న చెయ్యి కదా, కడుక్కునే తీరిక ఎక్కడిది? ఆ చేత్తోనే, రాయి ఉందో లేదోనని, ఒక్కసారి...

ఉప్పు తనదే.

కత్తి ఆగింది.

"పగలగొట్టి లోపలిది చూడరా వాళ్ళు?" తల ఎత్తకుండానే అడిగింది కృపావతి. "టెంక పగిలేదాకా లోపలి జీడికి ఉప్పు అంటదు కదమ్మా."

చూడొచ్చు. పై పెచ్చంతా తీసేస్తే, చింతగింజంత రాయిలో లోపల ఎంత మిగులుతుంది? అది సరిపోతుందా? షాలోమికి తెలియదు.

"అమ్మా..." అంది.

కృపావతి ఇటు తిరిగింది. కంటి కింద, చెంప మీద ఆరిపోయిన తెల్లటి చార.

అది ఎక్కడిదో తెలియడానికి ఏ మిషనూ అక్కర్లేదు.

ఎండలో ఉప్పు మెరుస్తోంది...