రైలెక్కిన బీరకాయ

నాలుగేళ్లొచ్చినా నోరు విప్పని పిల్లవాడి చేత మాట పలికించిన మొనగాడు ఈ హైదరాబాదు మొత్తంలో నేనొక్కడినే. పంజాగుట్టలో ఒక పెద్ద డాక్టరు వాడి చెవులు చూశాడు, ఇంకో డాక్టరు తల చూశాడు, మూడో ఆయన మా జేబులు చూశాడు. పిల్లవాడు పెదవి కదపలేదు. మా ఊరి బడిలో ఆరో తరగతి దాకా చదివిన నేను ఒక్క బీరకాయతో ఆ పని చేశాను. నమ్మరా? వినండి మరి.

పిల్లవాడు నా కూతురి కొడుకు, పేరు రిషి. చెప్పిందంతా అర్థమయ్యేది. చెప్పులు తెమ్మంటే తెచ్చేవాడు, కావలసింది వేలితో చూపేవాడు. మాట మాత్రం లేదు. నా కూతురు అనుపమ, అల్లుడు రాఘవేందర్ పొద్దున్నే ఆఫీసులకు పోతారు కాబట్టి వాణ్ని అమీర్‌పేటలో మాటలు నేర్పే సెంటరుకు తీసుకుపోయే పని నాది. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో దిగడం. సెంటరు ఉన్నది కోచింగుల బిల్డింగు పై అంతస్తులో. ఆ లిఫ్టు ఎంత నిదానమంటే, మేము పైకి చేరేలోపు కింద కంప్యూటర్ కోర్సులో చేరినవాళ్లకు ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లు కూడా అయిపోయేవి.

వాడికి మాటలు నేర్పే మేడమ్ పేరు రాగసుధ. భీమవరం వైపు పిల్ల. మొదటి రోజే చూశాను, ఒట్టి చేతులతో గదిలోకి వచ్చింది. బొమ్మ లేదు, పుస్తకం లేదు. ఒక పిల్లవాడు ఏడుస్తూ బయటికి పోతుంటే మావాడు లోపలికి. మధ్యలో ఆమెకు మంచినీళ్లు తాగే సందు కూడా లేదు.

"ఏంది మేడమ్, పాఠం సదువుకోకుంట వచ్చిన పంతులు లెక్క ఒట్టి చేతులతోని వచ్చినవ్?" అన్నాను.

"ప్రిపేరవడానికి టైమెక్కడిది తాతగారూ? పొద్దున్నుంచీ ఒకళ్ల మీద ఒకళ్లు వస్తూనే ఉన్నారు. మీ సంచీలో ఏంటి?"

"కూరగాయలు. రైతుబజార్ల కొన్న."

"ఇలా ఇవ్వండి."

సంచీ నేల మీద కుమ్మరించింది. బీరకాయ తీసి చెవికి పెట్టుకుని "హలో, ఎవరండీ?" అంది. రిషి నవ్వాడు. వంకాయకు నా తువ్వాలు కప్పి జోకొట్టింది. టమాటాను బల్ల మీద నుంచి దొర్లించబోయి, సరిగ్గా అంచున పట్టుకుని ఆగింది. వాడు "ఊఁ" అనేదాకా వదల్లేదు. సెషన్ అంతా అట్లాగే నడిపింది.

"రేపు కూడా సంచీ తెండి. అందులో ఏముందో మాత్రం నాకు ముందే చెప్పకండి" అంది మేము వచ్చేటప్పుడు.

ఒకరోజు ఉల్లికాడలు, ఒకరోజు గొడుగు, ఒకరోజు నా కళ్లద్దాల డబ్బా. ఏది దొరికితే దాంతోనే ఆట. నేను ఓ మూల కుర్చీలో కూర్చునేవాణ్ని. నా నోరు ఊరుకునే రకం కాదు కదా. ఒకనాడు ఆమె బీరకాయ చేతిలోకి తీసుకోగానే నేను అందుకున్నాను.

"రిషీ, గీ బీరకాయ సంగతి ఎరుకేనా? గిది ఎర్రగడ్డల మెట్రో ఎక్కింది. టికెట్ సుత తీస్కోలే. ముసలోనికి నాకు సీటియ్యకుంట కాలు మీద కాలేస్కోని కూసున్నది."

వాడు నా మొహం చూశాడు. బీరకాయను చూశాడు. తల అడ్డంగా ఊపాడు. నేను పోలీసు వచ్చే ఘట్టంలోకి పోబోతుంటే రాగసుధ చెయ్యి అడ్డం పెట్టింది.

"తాతగారూ, ఇంక ఒక్క మాట కూడా వద్దు."

"పోలీసొచ్చే ముచ్చట ఉన్నది మేడమ్..."

"వద్దన్నానా!"

ఊరుకున్నాను. ఆమె కూడా ఊరుకుంది. బీరకాయను వాడి కళ్ల ముందు పెట్టి, కనుబొమలు ఎత్తి, అట్లాగే కూర్చుంది. కింద కోచింగు మైకులో ఎవరో లెక్కలు చెబుతున్నారు. నాకు నాలుక దురద పెట్టింది. వాడి పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"కాదు!" అన్నాడు. తర్వాత కోపంగా, "తాత, కాదు!"

ఇప్పుడు పైన కొట్టిన గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను. నాకేం సిగ్గు లేదు. అబద్ధం నాదే, కానీ దాని తర్వాతి నిశ్శబ్దం ఆమెది. పని చేసింది ఆ నిశ్శబ్దమే. నన్ను వదిలేసి ఉంటే పోలీసు వచ్చేవాడు, బీరకాయ పట్టాల మీద ఉరికేది, నేను సాయంత్రం దాకా ఆపేవాణ్ని కాదు. ఇంట్లో కూడా అదే తంతు. వాడు దూరడానికి సందు దొరికితే కదా! "వాడికి మాటలు రాకపోవడానికి కారణం మీరు కాదు లెండి, కానీ వాడి వంతు వాడికి ఇవ్వాలి" అంది రాగసుధ నవ్వుతూ.

అప్పటి నుంచి అదే పద్ధతి. నేను అబద్ధమాడి నోరు మూసుకోవాలి, వాడు దిద్దాలి. ఉల్లిగడ్డ సర్పంచ్ ఎలక్షన్లో గెలిచిందంటే "కాదు, కూరల ఏస్తరు" అనేవాడు. గొడుగు గుడ్లు పెట్టిందంటే గంతులేసేవాడు. "తాత అబద్దం జెప్తుండు! గొడుగు గుడ్లు వెట్టది!" వానలు తగ్గేసరికి వాడు నాతో తగువులాడుతున్నాడు. నా జన్మలో నన్ను అబద్ధాలకోరని అంత ముద్దుగా ఎవరూ అనలేదు.

అప్పుడొచ్చింది బడి సీటు గొడవ. పంజాగుట్టలో అనుపమ ఆఫీసు పక్కనే ఒక ఇంగ్లీషు బడి ఉంది. సీటు కోసం తీసుకుపోతే అక్కడి టీచరమ్మ ఆపిల్ బొమ్మ చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగింది. వాడు బొమ్మను కాసేపు చూసి, "గిది మెట్రో ఎక్కిందా?" అన్నాడు. వాడు నోరు తెరిచి అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. వాళ్లు సీటివ్వలేదు. ఇంగ్లీషులో జవాబు చెప్పగలిగితే మళ్లీ తీసుకురమ్మన్నారు. నా కూతురు ఇంటికొచ్చి ఏడ్చింది.

మరునాడు సెంటరు యజమాని కృష్ణమోహన్ సార్ అనుపమనూ నన్నూ రాగసుధనూ తన గదిలోకి పిలిచాడు.

"రెండు భాషలతో పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతున్నాడమ్మా. ఇవాళ్టి నుంచి ఇంట్లో కూడా ఇంగ్లీషే. తాతగారు మాట్లాడకపోతే మంచిది" అన్నాడు అనుపమతో. తర్వాత రాగసుధ వైపు తిరిగాడు. "మీ సెషన్ ప్లాన్ ఏదండీ? సంచీలో ఏదుంటే అదా థెరపీ? రేపు పేరెంట్స్‌కి నేనేం చూపించాలి?"

రాగసుధ లేచి నిలబడింది. "ప్లాన్ చేసుకోడానికి మీరు టైమిచ్చారా సర్? బాబు నోరు తెరిచిందే తాతగారి మాటలతో. ఆ మాటలు లాగేసుకుంటే వాడి దగ్గర ఇంకేం మిగుల్తుంది? ఆ పని నేను చెయ్యను" అంది.

అయినా సార్ మాటే నెగ్గింది. రిషిని రంగు కార్డుల పెట్టె పట్టుకున్న ఇంకో మేడమ్‌కు అప్పజెప్పారు.

ఆ సాయంత్రం అనుపమ నా పక్కన కూర్చుంది. "నాయినా, జర కొన్ని దినాలు వానితోని మాట్లాడకు. సీటు వచ్చేదాంక."

"ఇంగ్లీషుల అబద్ధాలాడితే నడుస్తదా బిడ్డా?"

"నీకు అన్నిటికి మజాకే. సీటు రాకపోతే నీ వల్లనే అంటరు. నీ అల్లుడు ఇప్పటికే అంటుండు."

మానేశాను. రిషి చీపురు తెచ్చి నా ఒళ్లో పెట్టేవాడు. "తాత, చెప్పు. గిది ఏడికి వోయింది?" అది దుబాయికి పోయి, షేక్ ఇంట్లో పని కుదరక తిరిగొచ్చిన కథ మొత్తం నా గొంతు దాకా వచ్చేది. మింగేవాణ్ని. వాడు చాలాసేపు నిలబడేవాడు. రానురాను నిలబడడం మానేశాడు. నేల మీద కార్డులు పేర్చుకుంటూ రెడ్, బ్లూ అనేవాడు. ఇంగ్లీషు మాటే కదా అని నేను కావాలని ఎర్ర కార్డు చూపించి బ్లూ అన్నా "కాదు" అనేవాడు కాదు. బ్లూ అనేవాడు.

సీటు వచ్చింది. అల్లుడు స్వీట్లు తెచ్చి నా చేతిలో కూడా ఒకటి పెట్టాడు. "ఇగ మాట్లాడొచ్చా?" అని అడిగాను.

"ఇంట్ల సుత ఇంగ్లీషే మాట్లాడాల్నన్నరు మామా, బడోళ్లు" అన్నాడు.

ఇందులో నిజమెంత అని మీరు అడగకముందే నేనే చెబుతాను. లిఫ్టు సంగతి నేను తగ్గించే చెప్పాను. కల్పించింది ఒక్కటే. ఆరోజు సార్ గదిలో రాగసుధ లేవలేదు. మెడలోని గుర్తింపు కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ "సరే సర్" అంది. బయట ఇంకో పిల్లవాడు ఏడుస్తున్నాడు, వాడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె నోట్లో పెట్టిన మాటలన్నీ నావి. నేను కూడా వాటిని ఆ గదిలో అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు, మెట్రోలో, ఎర్రగడ్డ దగ్గరపడుతుండగా తట్టాయి. అనుపమ సెంటరు నుంచే ఆఫీసుకు పోయింది, అప్పటికి నా పక్కన ఉన్నది రిషి ఒక్కడే. వాడితో మాట్లాడొద్దన్నారు.