పీకని లేబుళ్లు

రామక్క అరచేతిలో సూది దిగబడడం నేను కళ్లారా చూశాను. మదనపల్లె పొలిమేరలో, పుంగనూరు రోడ్డు పక్కన, చెత్త విడదీసే షెడ్డది. కుళ్లిన టమోటాల కుప్పలో ఒక ఎర్ర సంచి పగిలి ఉంది. చీము కారే కట్లు, రక్తం గడ్డకట్టిన దూది, సెలైన్ సీసాలు, సూదులు, వాటి మీద లుకలుకలాడే తెల్ల పురుగులు. యూనియన్ పని మీద వెళ్లిన నేను రెండడుగులు వెనక్కి వేశాను. రామక్క వెయ్యలేదు. పన్నెండేళ్లుగా ఆమె సద్దిముద్ద తింటున్నది ఆ కంపు పక్కనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సూపర్‌వైజర్ మధుసూదన్ ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఏం కాదులేమ్మా, సబ్బేసి కడుక్కోని కూసో. ఇంకో ట్రాక్టరు వస్తాండాది."

"గ్లౌజులు యాడప్పా?" అని పల్లవి లేచింది. ఆ షెడ్డులో చదవడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. "ఫొటోలు తీసిన దినం ఇస్తిరి. సాయంత్రానికే మళ్లా పెట్టెలో పెట్టి బీగం ఏస్తిరి."

అతను ట్రాక్టరుకు దారి చూపడానికి వెళ్లిపోయాడు.

ఆ షెడ్డు కాంట్రాక్టరు జయచంద్రది. అతనికే పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి ఉన్నాయి. మూడింటి ముందూ 'చెత్తే సంపద' అన్న బోర్డు, దాని మీద అతని నవ్వుమొహం. ఆసుపత్రి చెత్తను విడిగా తీసుకుపోయి కాల్చాలి. అతను దాన్ని ఊరి చెత్తలో కలిపేస్తాడు. అద్దాల ఆసుపత్రుల్లోని చీమునంతా ఎత్తిపోయడానికి ఆడకూలీల చేతులున్నాయి కదా! దీన్నే వీళ్లు స్వచ్ఛత అంటారు. థూ!

నేను రామక్కను తీసుకుపోయిన పెద్దాసుపత్రిలో డాక్టరు మందులు మొదలుపెట్టి, "ఆ సూది ఏ ఆసుపత్రిదో తెలుసా? తెలిస్తే రోగి ఎవరో, ఏం జబ్బో కనుక్కోవచ్చు. తెలియకపోతే నెలల తరబడి రక్తపరీక్షలు చేస్తూ కూర్చోవాలి" అన్నాడు.

రామక్క చేతికేసి చూసుకుంది. "ఈ చేత్తోనే కదప్పా మనవరాలికి ముద్ద పెడతాండేది" అంది నాతో.

నేను అర్జీ రాశాను. ఒక గోతానికి సెలైన్ సీసాలు నింపుకుని అందరం తనిఖీ అధికారి దగ్గరికి వెళ్లాం. ఆయన వాటిని బల్ల మీద దొర్లించి చూశాడు. "ఏ ఆసుపత్రివి? పేరేది?"

ఒక్క సీసాకూ లేబులు లేదు. లేబులుంటే ప్లాస్టిక్ కొనేవాడు వెనక్కి తన్నేస్తాడు. అందుకని సీసా చేతికి రాగానే బొటనవేలి గోరుతో పీకేయడం షెడ్డు ఆడవాళ్లకు అలవాటైపోయింది. మాట్లాడుతూనే, చూడకుండానే పీకేస్తారు. గోతంలో లేబులు మిగిలిన మూడు సీసాలవి కూడా రామక్కే ఆఫీసు బయట బెంచీ మీద, కట్టు కట్టిన చేత్తోనే, తనకు తెలియకుండా పీకేసింది.

పక్క కుర్చీలో ఉన్న జయచంద్ర పగలబడి నవ్వాడు. "యాడో ఏరుకొచ్చి నా మీద పోస్తాండారా?"

ఆ సాయంత్రం రామక్క ఇంటి ముందర మీటింగు పెట్టుకున్నాం. ట్రాక్టరు నడిపే గంగులప్ప తల వంచుకునే మాట్లాడాడు. "మూడు ఆసుపత్రుల ఎనక గేట్ల కాడ ఆ సంచులు ఎత్తుకొచ్చేది నేనే. నోరు తెరిస్తే నా బండి తాళం పెరుక్కుంటాడు."

"నీ తాళం సంగతి సరే. ఆయమ్మ చెయ్యి సంగతేంది?" అని అమరావతి మీదికి వెళ్లింది. షెడ్డులో ఆమెది గట్టి నోరు. "రేపటి నుంచి ఎవురూ పనికి పోవద్దు!"

"మనం మానేస్తే ఇంకో పన్నెండు మందిని తెస్తాడు," అంది రామక్క. "వాళ్లకు మాత్రం చేతుల్లేవా? పోదాం. పని చేద్దాం. పట్టుకార్లతో ఎత్తుదాం, ఒక్క లేబులు మాత్రం పీకొద్దు. ఎవురి రోత వాళ్ల పేరు మీదనే పెడదాం."

పదిహేనేళ్లుగా ఊరూరా ఉపన్యాసాలిస్తున్న నాకు ఈ ఆలోచన రాలేదు. సిగ్గేసింది.

పుంగనూరుకు, కుప్పానికి ఫోన్లు వెళ్లాయి. ఆరు రోజుల పాటు మూడు షెడ్లలోనూ లేబుళ్లు పీకలేదు. గోరు ఊరుకోదని అమరావతి బొటనవేలికి గుడ్డ చుట్టుకుంది.

ఏడో రోజు పొద్దున పది గంటలకు గంగులప్ప ట్రాక్టరు ఎర్ర సంచుల లోడుతో జయచంద్ర ఆఫీసు ముందు ఆగింది. పుంగనూరు, కుప్పం షెడ్ల నుంచి కొందరు ఆడవాళ్లు బస్సు దిగి, సీసాల మూటలతో వచ్చి కలిశారు. రామక్క చెత్తను కుమ్మరించనివ్వలేదు. మెట్ల మీద టార్పాలిన్ పట్ట పరిచి కూర్చుని, షెడ్డులో చేసినట్టే పట్టుకారుతో విడదీయసాగింది. సీసాలు ఒక వరస, కట్లు ఒక వరస, సూదులు ఒక డబ్బాలో. పల్లవి ఒక్కొక్క లేబులూ ఎత్తి ఆసుపత్రి పేరు, వార్డు, తేదీ గట్టిగా చదివింది. మార్కెట్ హమాలీలు, కాలేజీ విద్యార్థులు మూగారు.

"ముక్కులు మూసుకోండప్పా, చెవులు మూసుకోవద్దండి!" అని అరిచింది అమరావతి.

జయచంద్ర గుమ్మం దాకా వచ్చి, అక్కడే వాంతి చేసుకున్నాడు.

"ఒక్క దినానికేనా సామీ?" అంది అమరావతి.

అప్పుడు గంగులప్ప ట్రాక్టరు దిగి, తాళం జయచంద్ర కాళ్ల ముందు పారేశాడు. పల్లవి చేతిలోని సీసాను చూపించి, "ఆ సూది ఈ పేరున్న ఆసుపత్రిదే. రామక్కకు సూది గుచ్చుకున్న దినం నేనెత్తింది ఆ ఒక్క గేటు కాడే. యాడైనా సాక్ష్యం చెప్తా!" అన్నాడు.

పోలీసులు వచ్చారు. "తీసేయండి ఇదంతా" అని ఎస్సై అరిచాడు. ఒక్క కానిస్టేబులూ కదల్లేదు.

"ముట్టుకోండప్పా, సాక్ష్యం గదా" అంది రామక్క. "మేము పన్నెండేండ్లు ముట్టుకున్నాం."

సంచులను ముట్టుకోలేనివాళ్లు మమ్మల్ని పట్టుకున్నారు. రామక్కను, అమరావతిని, గంగులప్పను, నన్ను వ్యానులోకి తోశారు. విద్యార్థులు, హమాలీలు వ్యానుకు అడ్డం కూర్చున్నారు. "ముందు పేర్లు రాయండి!" అని వీధి వీధంతా ఒకటే అరుపు. చివరికి ఒక కానిస్టేబులు ముక్కు మూసుకుని, పల్లవి చదువుతుంటే రాసుకున్నాడు. అది పూర్తయ్యాకే వ్యాను కదిలింది.

స్టేషన్‌లో రామక్కకు ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. తాగి, లేబులు అంచు మీద గోరు పెట్టింది. పెట్టి ఆగిపోయింది. అప్పుడే నా ఫోన్ మోగింది.

"అన్నా, రామక్కతో చెప్పు," అంటోంది పల్లవి. "పుంగనూరులో, కుప్పంలో మనోళ్లు ఎర్ర సంచులన్నీ గేటు బయట పెట్టేసినారు. లేబుళ్లట్లనే ఉండాయి. లోపలికి ఒక్క సంచీ రానియ్యరంట!"

రామక్క లేచి వెళ్లి ఎస్సై బల్ల ముందు నిలబడింది.

"ఆ ఆసుపత్రి పేరు రాసుకుంటిరి గదా సార్," అంది కట్టు కట్టిన చెయ్యి కాగితాల మీద పెట్టి. "దాని కింద నా పేరు కూడా రాయండి."